దీపాలార్పిన దేవాలయం



2015 జనవరి 5, ముగ్గురు రాజుల పండుగకు ముందు రాత్రి. ఆ జ్ఞానుల అవశేషాలకు పేరుగాంచిన జర్మనీలోని కొలోన్ మహాదేవాలయం తన వెలుపలి దీపాలన్నీ ఆర్పివేసింది. కరెంటు పోయి కాదు. 'పెగిడా' అనే ఉద్యమంవారు ఆ రాత్రి అక్కడ ఊరేగింపు తలపెట్టారు. ఐరోపా ఇస్లాంమయమైపోతోందన్నది వారి ఆందోళన. అందులో నడిచే క్రైస్తవులు తామెవరి పక్కన నడుస్తున్నామో ఒక్కసారి ఆలోచించుకోవాలని దేవాలయ పెద్దల ఉద్దేశం.

ఈ ఉద్యమం 2014 అక్టోబరులో డ్రెస్డెన్‌లో పుట్టింది. సోమవారం సాయంత్రాలు నడుస్తూ "మేమే ప్రజలం" అని నినదించేవారు. క్రిస్మసుకు ముందు సోమవారం వేలాదిగా చేరి క్రిస్మసు పాటలు కూడా పాడారు! నిజానికి ఆ సోమవారమూ, ఆ నినాదమూ వారి సొంతం కావు. 1989లో లైప్‌జిగ్ నగరంలోని సెయింట్ నికోలస్ లూథరన్ దేవాలయంలో ప్రార్థన ముగించుకొని, కొవ్వొత్తులతో వీధిలోకి వచ్చినవారివి. ఆ అక్టోబరు 9న దాదాపు 70,000 మంది నడిచారు. "హింస వద్దు" అన్నది వారి మరో కేక. నాడు పాలకులను నిలదీసిన మాట పాతికేళ్లకు పరదేశిని తరిమే మాటయింది.

డ్రెస్డెన్‌లో నడిచినవారందరూ జాతిద్వేషులని నేననను. తమ గోడు పాలకులకు పట్టలేదని నొచ్చుకున్నవారూ వారిలో ఉన్నారు. కాని ఉద్యమ స్థాపకుడు లుట్జ్ బాఖ్‌మన్ శరణార్థులను పశువులని తిట్టి రాసినందుకు 2016లో న్యాయస్థానం జరిమానా విధించింది. ఎక్కడో అంచున ఉందనుకున్న విషం ముందు వరుసలోనే ఉంది.

"కలుపు లేని పొలం ఉంటుందా ఫాదర్? కోతదాకా పెరగనివ్వమని ప్రభువే చెప్పాడు కదా" అని కొందరంటారు. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో యజమాని పీకవద్దన్న మాట నిజమే. అయితే కలుపును గోధుమ అన్నాడా? ఇది శత్రువు చేసిన పని అని తేల్చి చెప్పాడు. మనుషులపై తీర్పు దేవునిది. చెడ్డమాటను చెడ్డమాట అనడం మన వంతు. మౌనం అర్ధాంగీకారమంటారు పెద్దలు. గుంపులో అది పూర్తి అంగీకారమే.

మనమూ ధర్నాలకు, ర్యాలీలకు వెళతాం. న్యాయమైన కోరికకు వెళ్లాలి కూడా. పక్కవాడు ఒక కులాన్నో మతాన్నో తిడుతూ కేక వేస్తే "ఆ మాట వద్దు బాబూ" అనగలమా? అనలేకపోతే ఆ వరుసలోంచి తప్పుకోగలమా? మన విచారణల పిల్లలు చదువులకని జర్మనీ వెళుతున్నారు. అక్కడ వారే పరదేశులు.