రశీదు లేని సత్యము

వస్తువును కొన్నవానికి రశీదు సాక్షి. రశీదు లేనిచోట సాక్షి యెవరు? పైకి ఇది అంగడిబేరమునకు చెందిన ప్రశ్నవలె కనిపించును. విచారించినకొలది మనుజుని సత్యనిష్ఠకే ఇది పరీక్ష యని తేలును.

అమెరికా దేశమున సమష్టి వ్యాజ్యమను న్యాయపద్ధతి గలదు. ఒకే వర్తకుని వలన వేలకొలది జనులు కొద్దికొద్దిగా నష్టపడినప్పుడు, వారిలో ఒకరిద్దరు అందరి పక్షమున న్యాయస్థానమున కేగవచ్చును. వ్యాజ్యము రాజీ యైనచో వర్తకుడు కొంత ధనమును చెల్లించును. కొన్నవారు దరఖాస్తు పెట్టుకొని తమ తమ భాగములను పొందుదురు. రాజీపడినంత మాత్రమున వర్తకుడు తప్పు నొప్పుకొనినట్లు కాదు.

రెడ్ బుల్ అను పానీయము విషయమున 2014లో ఇట్టి రాజీ కుదిరినది. ప్రకటనలలో చెప్పినంత గుణము దానికి లేదనుట అభియోగము. సంస్థ తప్పు నంగీకరింపకయే 1 కోటి 30 లక్షల డాలర్ల నిధికి సమ్మతించినది. 2002 జనవరి 1 మొదలు 2014 అక్టోబరు 3 వరకు ఆ దేశమున ఒక్క డబ్బా కొన్నవారైనను 10 డాలర్ల రొక్కము గాని, 15 డాలర్ల విలువగల పానీయము గాని కోరుటకు అప్పుడు వీలుండెను. రశీదు చూపనక్కరలేకపోయెను. వార్త పొక్కినంతనే దరఖాస్తులు వెల్లువెత్తినవి. నిధి పెరుగునది కాదు గనుక ఒక్కొక్కరి భాగము తగ్గిపోయినది.

రశీదు నేల అడుగలేదు? పానీయము, సబ్బు, బిస్కత్తు వంటి చిల్లర వస్తువుల రశీదులను ఏండ్ల తరబడి దాచువారు అరుదు. రశీదే కావలెనన్నచో నిజముగా నష్టపోయినవారిలో పెక్కురకు దక్కునది శూన్యము. కావున న్యాయస్థానము మనుజుని మాటను నమ్మినది. పలు దరఖాస్తులలో, వ్రాసినది నిజమని ప్రమాణపూర్వకముగా సంతకము చేయవలసి యుండును. అబద్ధప్రమాణము అచట శిక్షార్హమైన నేరము.

కొన్నవాడు రశీదు లేదని సంకోచింపనక్కరలేదు. కాగితము పోయినంతనే హక్కు పోదు. తనకు న్యాయముగా రావలసినదానిని కోరుట దురాశ కానేరదు.

కొననివాని సంగతి వేరు. “వర్తకుడు జనులను వంచించి కూడబెట్టిన సొమ్మే కదా, పుచ్చుకొన్న తప్పేమి?” అని కొందరు వాదింతురు. ఈ వాదము నిలువదు. నిధి పరిమితమైనచోట కొననివాడు పుచ్చుకొనునది వర్తకుని సొమ్ము కాదు. నిజముగా కొన్న పొరుగువాని భాగము. నిధి పరిమితము కాక ఆ భారము వర్తకునిపైననే పడునను కొన్నను, ఒకని వంచన మరియొకని వంచనకు అనుమతిపత్రము కాదు. ఇంతేకాదు, అసత్యపు దరఖాస్తులు పెరిగినకొలది రశీదులు చూపుమను నిర్బంధమును పెరుగును. అప్పుడు నష్టపోవువాడు రశీదు దాచుకొనని నిరుపేద. నమ్మకమును దుర్వినియోగము చేసినవాడు ఇతరులను నమ్మువారిని కూడ లేకుండ చేయును.

ఇక జ్ఞాపకము చాలనివాని సంగతి మిక్కిలి సూక్ష్మమైనది. కొన్నమాట నిజమే, ఎన్ని కొన్నదో తెలియదు. అట్టివాడు తాను ప్రమాణము చేసి నిలువగల సంఖ్యనే వ్రాయవలెను. సందేహము కలిగినచోట తక్కువవైపు మొగ్గవలెను. మిత్రుడు కొనియిచ్చినది త్రాగినవాడు కొన్నవాడు కాడు. కొంటినో లేదో యని ఊగిసలాడువాడు ఊరకుండుట మేలు.

ఆయదక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుట శరణచరిత్రలో ప్రసిద్ధము. ఒకనాడాతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ యెక్కువను తెచ్చినచోటనే విడిచి రమ్మనెను. ఆ గింజలను లెక్కించిన అధికారి లేడు, అడిగిన యజమాని లేడు. లక్కమ్మ చూచినది గింజల ప్రమాణమును కాదు, భర్త మనస్సులో పొడసూపిన ఆశను.

అమెరికాలో నివసించు మన తెలుగు కుటుంబములకును ఇట్టి దరఖాస్తులు ఎదురగుచుండును. పది డాలర్లు స్వల్పమే. అయినను అబద్ధమునకు క్రింద వ్రాలు చేయుట స్వల్పము కాదు. ఇంటిలో పెద్దలు సంతకము చేయునప్పుడు పిల్లలు చూచుచుందురు. బడిలో నేర్చిన సత్యవాక్యముల కన్న ఆ సంతకమే వారికి బలమైన పాఠము. కొన్నవారు నిర్భయముగా కోరుదురు గాక. కొననివారు నిశ్చింతగా విడుతురు గాక. రశీదు లేనిచోట అంతరంగమే సాక్షి.