దోషం కనబడనంత వరకు

ఒక మాటను నమ్మాలంటే ముందు రుజువు కావాలా, లేక తప్పని తేలేదాకా నమ్మి ఉండాలా? మన శాస్త్రకారులు దీని మీద శతాబ్దాల పాటు వాదించుకున్నారు. జ్ఞానం స్వతహాగానే ప్రమాణమన్నది మీమాంసకుడైన కుమారిల భట్టు పక్షం. అది పుట్టిన తీరులో దోషం బయటపడాలి, లేదా దాన్ని కాదనే మరో జ్ఞానం ఎదురవాలి. అప్పుడే దాన్ని కొట్టేయాలి. న్యాయ దర్శనం వారైన నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు. ప్రామాణ్యం బయటి నుంచి రావాల్సిందేనన్నారు. నీళ్లు కనబడితే చాలదు, తాగితే దాహం తీరాలి.

నేను రేపల్లెలో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి, అంటే వృత్తిరీత్యా నైయాయికుణ్ణి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరి మొహం చూసీ ఎవరూ నమ్మరు. సాక్షులు, వేలిముద్రలు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు అన్నీ ఉండాల్సిందే. ఇప్పుడు తెనాలిలో కొడుకు దగ్గర ఉంటూ పాత సన్మాన పత్రాలు పోగుచేస్తున్నాను. వాటిలో నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఒక సోవియట్ కాగితం. కీవ్‌లో వైద్యం చదివిన మా మేనల్లుడు అక్కడి పాత సామాన్ల సంతలో కొని తెచ్చాడు.

అది ‘జర్మనీపై విజయానికి’ అనే పతకం తాలూకు ధ్రువపత్రం. మధ్యకు మడిచిన చిన్న అట్ట, దాని మీద గ్రహీత పేరు, అధికారి సంతకం, గుండ్రటి ముద్ర. ఆ పతకాన్ని 1945 మే 9న నెలకొల్పారు. ఇంచుమించు కోటిన్నర మందికి ఇచ్చారు. ఒక వైపు స్టాలిన్ బొమ్మ ఉంటుంది. వరుస సంఖ్య మాత్రం ఉండదు. రెడ్ స్టార్ లాంటి ఆర్డర్లకైతే వెనక సంఖ్య చెక్కి, అదే సంఖ్యను గ్రహీత పుస్తకంలోనూ వేస్తారు. ఇరాన్ మీదుగా సోవియట్ సేనలకు సరుకు చేరవేసినందుకు 1944లో మన సైన్యం వాళ్లిద్దరికి, సుబేదార్ నారాయణ్ రావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్‌లకు, ఆ రెడ్ స్టారే దక్కింది. సంఖ్య లేని ఈ పతకాన్ని ఏ కాగితం పక్కన పెట్టి అమ్మినా అడిగేవాడు లేడు. కాబట్టి పరీక్షంతా కాగితానికే.

బ్యాంకులో నోట్లు చూసే అతినీలలోహిత దీపం ఒకటి తెచ్చుకున్నాను. కాగితం తెల్లగా కనబడటానికి కలిపే రసాయనాల వాడకం 1950ల నుంచి బాగా పెరిగింది. అవి ఉన్న కాగితం ఆ వెలుతురులో నీలంగా మెరుస్తుంది. నా అట్ట మెరవలేదు. ముద్ర సిరా సంతకం మీదికి ఎలా పాకిందో, మడత దగ్గర అచ్చు ఎలా అరిగిందో భూతద్దంతో చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఇంటిపేరులో ఒక్క అక్షరాన్ని మాత్రం వేరే సిరాతో దిద్దారు.

మా వృత్తిలో దిద్దుబాటు ఉంటే దస్తావేజు చివర ఫలానా పంక్తిలో ఫలానా అక్షరం దిద్దబడినదని రాసి సంతకం పెట్టించాలి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. దొంగ కాగితమని తేల్చేద్దామనుకున్నాను. కానీ యుద్ధం ముగిసిన నెలల్లో వేలకొద్దీ పేర్లు రాసిన గుమాస్తా ఒక అక్షరం తప్పు రాసి సరిదిద్దుకుని ఉండొచ్చు. దొంగ కాగితం చేసేవాడు తన పనిలో అంత బాహాటంగా మచ్చ వదులుతాడా?

అట్టను బాపట్ల తీసుకెళ్లాను. భావనారాయణస్వామి గుడి వీధిలో ఉండే సంస్కృతం మాస్టారు నాకు అన్నంభట్టు తర్కసంగ్రహం చెప్పిన గురువు. అంతా విని నవ్వారు. “ఏమయ్యా లేఖరీ, నీ పరీక్షల్లో ఒక్కటైనా ఇది అసలుదని చెప్పిందా?”

నిజంగానే ఒక్కటీ చెప్పలేదు. దీపం కింద మెరిస్తే నకిలీ అనొచ్చు. మెరవకపోతే అసలు అనడానికి లేదు, పాత ఖాళీ కాగితం మీద నిన్న రాసినా మెరవదు. ముద్ర తప్పయితే నకిలీ. ఒప్పయితే, మంచి ముద్ర దొరికిన మోసగాడూ ఉండొచ్చు. నా పరికరాలన్నీ కొట్టేయడానికే పనికొస్తాయి, నిలబెట్టడానికి పనికిరావు. మాస్కో దగ్గరి పొదోల్స్క్ సైనిక ఆర్కైవ్‌లో సాహసానికిచ్చే పతకాలకు సిఫారసు చేసిన పత్రాలున్నాయి, సైనికుడు చేసిన సాహసం వాటిలో రాసి ఉంటుంది. అలాంటి పత్రం ఉన్నా, దాన్ని రాసిన కమాండర్ కళ్లారా చూశాడా, విన్నది రాశాడా? ఒక కాగితానికి ఇంకో కాగితం సాక్షి, దానికి మరొకటి. మీమాంసకులు నైయాయికుల మీద వేసిన అనవస్థా దోషం ఇదే. నైయాయికుణ్ణని చెప్పుకుంటూనే ఇన్నాళ్లూ నేను చేసింది కుమారిలుడి పని. దోషం వెతికాను, కనబడకపోతే నమ్మాను.

ఆ సంగతి ఇంకో విధంగా అక్కరకొచ్చింది. నిజాంపట్నం వైపు ఊరి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ల తాత 1942లో అలీపురం జైల్లో ఉన్నాడట. జైలు సర్టిఫికెట్టు 1977 ఉప్పెనలో ట్రంకు పెట్టెతో సహా కొట్టుకుపోయింది. ఊళ్లో వేసే శిలాఫలకం మీద పేరు చేర్చాలంటే పెద్దలు కాగితం అడుగుతున్నారు. “బాబాయ్, మా తాత అబద్ధం చెప్పుంటాడంటావా?” అన్నాడు.

స్వాతంత్ర్య సమరయోధులకు 1972లో కేంద్రం పింఛను పథకం పెట్టినప్పుడూ ఈ చిక్కే వచ్చింది. సాధారణంగా ఆరు నెలల జైలు చూపాలి. రికార్డులు లేని చోట తోటి ఖైదీ ఇచ్చే ధ్రువపత్రాన్ని ఒప్పుకున్నారు. దొంగ సమరయోధులు పుట్టుకొచ్చిన మాటా నిజమే. అయినా 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి వారిని సందేహాతీతమైన రుజువు అడగకూడదంది. జైలు అనుభవించినట్టు సంభావ్యత కనబడితే వారి పక్షానే భావించాలి, గట్టి సాక్ష్యంతో ఖండించినప్పుడే కాదనాలి అని చెప్పింది. కుమారిలుడి పేరు తలవలేదు గానీ తీర్పు ఆయన దారిలోనే ఉంది.

కుర్రాడి సంగతి చెబితే, బజారులో ఒక రకం, మనుషుల దగ్గర ఇంకో రకం అంటే నిజం మనిషిని బట్టి మారుతుందా అని మాస్టారు నిలదీశారు. నిజం మారదు, రుజువు భారం ఎవరి మీదన్నది మారుతుందన్నాను. కాగితం కొనేటప్పుడు నేను మోసపోతే పోయేది నా డబ్బు. అందుకని ఎంతైనా అనుమానించొచ్చు, భారం అమ్మేవాడిది. జైలుకెళ్లిన మనిషిని తప్పుగా అనుమానిస్తే అతని బతుకే అబద్ధమైపోతుంది. అక్కడ భారం అనుమానించేవాడిది. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో వాళ్ల స్థూపాలు నిలబెట్టారు. ఆ రోజు అదే గుంపులో ఉండి బతికి ఇంటికెళ్లిన వాళ్లలో ఎందరి దగ్గర కాగితం ఉండి ఉంటుంది?

కుర్రాణ్ణి వాళ్ల ఊరి ముసలివాళ్లను కలిసి, తాతతో జైల్లో ఉన్నవాళ్ల గురించి విన్నది విన్నట్టు రాయించి, వేలిముద్రలు వేయించమన్నాను. ముసాయిదా నేనే రాసిచ్చాను. రాతకూలి తీసుకోలేదు. సోవియట్ అట్ట పెట్టిన కవరు మీద మాత్రం ‘అసలు’ అని రాయలేదు, ‘నకిలీ’ అనీ రాయలేదు. ‘దిద్దుబాటు ఒకటి ఉన్నది, దోషం ఇంతవరకు కనబడలేదు’ అని రాసి తేదీ వేశాను. రేపు దోషం కనబడితే ఆ తేదీ కిందే ఇంకో పంక్తి రాస్తాను.