పేరు చెప్పుకోవడం అహంకారమా?

మహాభారతం కర్ణపర్వంలో ఒక ఘట్టం ఉంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరానికి చేరిన ధర్మరాజు కోపంలో ఆ మాటే అనేశాడు. పెద్దవాణ్ణి నిందిస్తే చంపినట్టే కాబట్టి నింద చాలన్నాడు కృష్ణుడు. నిందించాక అర్జునుడికి పశ్చాత్తాపం పుట్టి తన ప్రాణం తీసుకోబోయాడు. అప్పుడు కృష్ణుడు, నిన్ను నువ్వే పొగుడుకో, ఆత్మహత్య చేసుకున్నట్టే అన్నాడు.

ఈ కథ తెలియని ఇళ్లలో కూడా దీని సారం తెలుసు. సొంత డబ్బా కొట్టుకోకూడదని పిల్లలందరికీ చెబుతారు, ఆడపిల్లలకు మరీ గట్టిగా చెబుతారు. అలా పెరిగిన మహిళ ఇవాళ ఒక చిన్న వ్యాపారం పెట్టిందంటే ఆమెకు మొట్టమొదట అందే సలహా మాత్రం పర్సనల్ బ్రాండింగ్ చేసుకోమని. మనిషి తానే ఒక బ్రాండ్ కావాలని టామ్ పీటర్స్ 1997లో ‘ఫాస్ట్ కంపెనీ’ పత్రికలో రాసిన వ్యాసంతో ఆ ఆలోచన లోకమంతా పాకింది. ఇప్పుడు ఏఐ వచ్చి ఆ పనిని నిమిషాల్లోకి తెచ్చింది. ఫొటో ఇస్తే మెరుగులు దిద్దుతుంది, నాలుగు ముక్కలు చెబితే జీవితకథ రాసిపెడుతుంది. ధర్మం ఒకటి చెబుతుంటే బజారు ఇంకొకటి చెబుతోంది. ఆమె ఏది వినాలి?

ఈ సందిగ్ధం ఊహ కాదు. క్రిస్టీన్ ఎక్స్‌లీ, జడ్ కెస్లర్ అనే ఆర్థికవేత్తలు 2022లో ప్రచురించిన అధ్యయనంలో స్త్రీలకూ పురుషులకూ ఒకే పరీక్ష పెట్టారు. ఫలితాల్లో తేడా లేదు. ఎంత బాగా చేశారో నూటికి మీరే మార్కులు వేసుకోండి అంటే పురుషులు సగటున 61 వేసుకున్నారు, స్త్రీలు 46. తమ సమాధానాల్లో ఎన్ని సరైనవో ముందే తెలిపినా, ఆ అంకెను యజమానులెవరూ చూడరని చెప్పినా తేడా పోలేదు. అంటే ఎవరూ చూడని చోట కూడా ఆమె తన పనికి తక్కువే వెల కట్టుకుంటోంది. దీన్ని వినయం అనడం అన్యాయం. వినయం నిజాన్ని తగ్గించి చెప్పమనదు.

అర్జునుడి దగ్గరికే మళ్లీ వెళ్దాం. ఉరుములు ఉరిమితే మన పిల్లలు గట్టిగా చదివే పేర్లున్నాయి కదా: అర్జున, ఫల్గుణ, కిరీటి… విరాటపర్వంలో ఆ పది పేర్లూ అర్జునుడే స్వయంగా విరాటరాజు కొడుకు ఉత్తరుడికి చెప్పుకున్నాడు. అప్పుడతను బృహన్నల. ఆడవేషంలో ఉన్న నాట్యగురువు తాను అర్జునుణ్ణంటే రాకుమారుడు నమ్మలేదు. ఆ పేర్లు చెప్పు, ఏది ఎందుకు వచ్చిందో కూడా చెప్పు అన్నాడు. ఒక్కో పేరు వెనక ఉన్న కారణాన్ని, పనిని అర్జునుడు వివరించాకే ఉత్తరుడు పగ్గాలు పట్టాడు.

కర్ణపర్వంలో నాకు సాటి విలుకాడు లేడని చెప్పుకున్నది ఆత్మస్తుతి. విరాటపర్వంలో చెప్పుకున్నది ఆధారం. ఎదుటివాడు వేషం చూసి తక్కువ అంచనా వేసినప్పుడు, తన పనిని సాక్ష్యంగా పెట్టి పేరు చెప్పడంలో అహంకారం లేదు. చెప్పకపోతే ఆ రోజు కౌరవులు తోలుకుపోయిన విరాటుడి గోవులు వెనక్కి వచ్చేవి కావు. వేషం చూసి అంచనా వేయడం మన కాలంలోనూ ఉంది. 1978లో బెంగళూరులో బయోకాన్ మొదలుపెట్టిన కిరణ్ మజుందార్ షా ఆస్ట్రేలియాలో బ్రూయింగ్ చదివొచ్చినా, స్త్రీ అన్న కారణంగా ఇక్కడి బీరు పరిశ్రమలో ఆమెకు తగిన ఉద్యోగం దొరకలేదు. కంపెనీ పెడితే అప్పు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడాయి. ఆమె ఎదుట ఎందరో ఉత్తరులు.

చెప్పుకున్నా చెరిపేసే చేతులుంటాయి. తంజావూరు ఆస్థానంలో ‘రాధికా సాంత్వనము’ రాసిన ముద్దుపళని పీఠికలో తన నాయనమ్మ గురించి, తన పాండిత్యం గురించి, పండితులకు తానిచ్చిన కానుకల గురించి, తనకు అంకితమైన కావ్యాల గురించి దాపరికం లేకుండా రాసుకుంది. 1887లో ఆ కావ్యం అచ్చయినప్పుడు ఆ పీఠికే ఎగిరిపోయింది. గాయని బెంగళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, 1910లో దాన్ని మళ్లీ చేర్చి అచ్చువేయించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం ప్రతులు స్వాధీనం చేసుకుంది. కావ్యంలోని శృంగారం మీద వచ్చిన అభ్యంతరాలపై ఎంతైనా వాదించుకోవచ్చు. ఒక స్త్రీ తన గురించి తాను రాసుకున్న పేజీలు పోవడం మాత్రం సాహిత్య చరిత్రకు జరిగిన నష్టమే.

ఆ నష్టం ఏఐ కాలంలో పెరుగుతుంది. యంత్రం పాత కాగితాల నుంచే నేర్చుకుంటుంది. ఉద్యోగ దరఖాస్తులు వడపోయడానికి అమెజాన్ తయారుచేసిన ప్రయోగాత్మక సాధనం ‘మహిళల’ అనే మాట కనబడిన దరఖాస్తులకు విలువ తగ్గించిందని 2018లో బయటపడింది. అంతకుముందు వచ్చిన దరఖాస్తుల్లో ఎక్కువ భాగం మగవాళ్లవి. నమోదు కాని పనిని యంత్రం లేనట్టే లెక్కేస్తుంది.

నామరూపాలు మిథ్య అన్న వేదాంతం ఉండగా ఈ తాపత్రయం దేనికని ఎవరైనా అడగవచ్చు. రూపం ఎంత అస్థిరమో ఇప్పుడు కళ్లారా చూస్తున్నాం. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని ఏఐతో ఇంకో స్త్రీ వీడియోకు అతికించారు. 2024లో ఓపెన్‌ఏఐ వాడిన ఒక గొంతు అచ్చం తనదిలాగే ఉందని హాలీవుడ్ నటి స్కార్లెట్ జొహాన్సన్ అభ్యంతరం చెబితే కంపెనీ దాన్ని ఆపేసింది. అయితే శంకరులు వ్యావహారిక సత్యాన్ని తోసిపుచ్చలేదు. బృహదారణ్యక ఉపనిషత్తులో ఆర్తభాగుడు, మనిషి పోయాక అతన్ని వదలనిది ఏదని అడుగుతాడు. పేరు అంటాడు యాజ్ఞవల్క్యుడు. ఆ తర్వాత ఇద్దరూ పక్కకు వెళ్లి మాట్లాడుకున్నది కర్మ గురించి. ముఖం, గొంతు అరువు పోగల కాలంలో పేరుకు దన్నుగా నిలిచేది ఆ కర్మే.

ఆవకాయ అమ్మే మహిళను తీసుకుందాం. ‘తరతరాల రుచి, అమ్మ ప్రేమ’ అని ఏఐ ఆమెకూ రాసిస్తుంది, పక్క వీధి దుకాణానికీ రాసిస్తుంది. ముక్కకు టెంక పెంకు ఉండేలా కొట్టించడం, తడి తగలకుండా తుడవడం, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడటం ఆమె చేసే పనులు. సీసా చెడిపోతే ఫోనెత్తి జవాబు చెప్పేదీ ఆమే. యంత్రం రాయగలదు గాని ఆ జవాబుదారీని మోయలేదు. అందుకే సీసా మీద ఆమె పేరు ఉండటం గొప్ప కోసం కాదు, పూచీ కోసం.

వ్యాపారం చేస్తున్న అక్కచెల్లెళ్లు ఏఐ సాయం నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. అది రాసిచ్చిన పరిచయంలో చేయని పని ఒక్కటి ఉన్నా కొట్టెయ్యాలి, చేసిన పని ఒక్కటి తప్పిపోయినా చేర్చాలి. ఇంట్లోవాళ్లు కూడా ‘మా ఆవిడ ఏదో చేస్తుంటుందిలే’ అనడం మానాలి. ఎవరైనా అడిగితే ఆమె పేరు, ఆమె వ్యాపారం పేరు స్పష్టంగా చెప్పండి.