రెండో విత్తనం



ఈ వారం పత్రిక మీ ఇంటికి చేరేసరికి రోహిణి కార్తె వెళ్ళిపోయే రోజులు. రోళ్ళు పగిలే ఎండలంటారు గదా! రోళ్ళ సంగతేమో గాని మా గుడి వెనుక రేగడి చేలో నడిస్తే నెర్రెల్లో చెప్పు ఇరుక్కుంటోంది.

మొన్న ఆదివారం దివ్యపూజాబలి ముగించి గుమ్మం దగ్గర నిలబడి అందరినీ పలకరిస్తూ ఒక సంగతి గమనించాను. చలికాలంలో అయితే మనవాళ్ళు గుడి దాటగానే ముందు చెప్పులు వెతుక్కుంటారు. ఇప్పుడు అలా కాదు. మెట్టు మీద కాలు పెడుతూనే తల పైకెత్తి పడమటి దిక్కు చూస్తున్నారు. ఒకాయన నా చెయ్యి పట్టుకొనే ఉన్నాడు, కళ్ళు మాత్రం నా తల మీదుగా ఎక్కడో ఉన్నాయి. "మొగులు చూసుడే అయితున్నది ఫాదర్, దిగుడు లేదు" అన్నాడు. ఆ రోజు నా ప్రసంగం ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు. చెప్పనందుకు నాకు బాధ లేదు. ఆ చూపులో నా ప్రసంగం కన్న ఎక్కువ ప్రార్థన ఉంది.

ద్వితీయోపదేశ కాండము 11వ అధ్యాయంలో మోషే తన ప్రజలకు ఒక తేడా చెబుతాడు. ఐగుప్తులో మీరు కూరతోటకు పెట్టినట్లు కాలితో నీరు పారించుకున్నారు, మీరు పోబోయే దేశం మాత్రం ఆకాశపు వాన త్రాగి బ్రతికే దేశం అని ఆ మాటల భావం. చిన్నతనంలో నాకిది వింతగా ఉండేది. నైలు నది ప్రక్కన ఖాయమైన నీటిని వదలి, వాన కోసం ఎదురుచూసే కొండనేలకు పోవడం కూడా ఒక వరమేనా? కాస్త వయసు వచ్చాక అర్థమైంది. నీరు ఖాయంగా ఉన్నచోట మనిషి తల వంచి కాలువ చూసుకుంటే చాలు. వాన మీద బ్రతికే చోట తల ఎత్తక తప్పదు.

మన వరంగల్లు నేల చాలావరకు అటువంటిదే. కాకతీయుల కాలంలో రామప్ప, పాఖాల, లక్నవరం చెరువులు కట్టింది పడిన వానను పట్టి ఉంచడానికే గాని కొత్త నీటిని పుట్టించడానికి కాదు. తరువాత బోర్లు వచ్చాయి. ఇంటికొక ఐగుప్తును తవ్వుకున్నాం. బోరు ఎండిన నాడు గాని తెలియలేదు, అదీ ఎప్పటిదో వాన నీరేనని.

పెద్ద సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు వారి పాఠం ఒకటి ఉండేది. దేవుడు అన్నిటికీ మొదటి కారణం. అయినా తాను చేసిన సృష్టికి, మనిషికి నిజమైన పని అప్పగించాడు, ఆయన పని మన పనిని మింగివేయదు అని దాని సారాంశం. పరీక్ష కోసం మూడు రాత్రులు మేలుకొని చదివాను. సెలవులకు ఇంటికి వెళ్ళి మా నాన్నకు గర్వంగా వివరించబోతే, ఆయన ఎడ్ల కాడి విప్పుతూ, "దున్నుడు మనది, కురుసుడు ఆయనది. రెండిట్ల ఏదొక్కటి లేకున్నా గింజ కాదు. దీనికి ఇన్నేండ్లు చదవాల్నా?" అన్నాడు. చదువు వృథా అని నేననను. మార్కు సువిశేషం 4వ అధ్యాయంలో విత్తినవాడు నిద్రపోతూ లేస్తూ ఉండగా, వానికి తెలియకుండానే మొలక వచ్చే ఉపమానం చదివినప్పుడల్లా మాత్రం నాకు ముందు మా నాన్నే గుర్తుకొస్తాడు, తరువాతే తోమాసు వారు.

కార్తెల పేర్లు ఎత్తితే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. "నక్షత్రాల లెక్క మనకెందుకు ఫాదర్?" అని మా ఉపదేశిగారే అడిగారు. సూర్యుని నడకను బట్టి సంవత్సరాన్ని 27 భాగాలు చేసుకున్న సేద్యపు లెక్క అది. ఒక్కొక్క కార్తెకు పదమూడు, పద్నాలుగు రోజులు. ముహూర్తానికి భయపడటం వేరు, మృగశిర వచ్చింది, విత్తనాలు చూసుకో అనుకోవడం వేరు. ఆకాశంలోని జ్యోతులను దేవుడు కాలాలు తెలుసుకోవడానికే ఉంచాడని ఆదికాండము మొదటి అధ్యాయమే చెబుతోంది. అన్నట్టు, పెసర్లు ఏ కార్తెలో చల్లాలో ఉపదేశిగారి భార్యనడిగితే టక్కున చెప్పింది.

మన దైవార్చన సంవత్సరం మాత్రం వేరే వాతావరణంలో పెరిగింది. పాస్కా పండుగ నాటికి యూరపులో చలి పోయి చిగురు తొడుగుతుంది, మనకేమో ఎండ ముదురుతుంది. ఆగమన కాలంలో వారికి పొడుగాటి చీకటి రాత్రులు, మనకు వరి కోతలు, పత్తి తీతలు. పూజా గ్రంథం ఒక ఋతువు చెబుతుంటే కిటికీ బయట ఇంకొకటి ఉంటుంది. అంతమాత్రాన శ్రీసభ పొలాన్ని మరచిందనుకోకండి. సుమారు 470వ సంవత్సరంలో, ఇప్పటి ఫ్రాన్సు దేశంలోని వియెన్ నగర మేత్రాణులు పునీత మమెర్తుసు, వరుస ఆపదల నడుమ, ప్రభువు మోక్షారోహణ పండుగకు ముందు మూడు రోజులు ఉపవాస ప్రార్థనలు, ప్రదక్షిణలు ఏర్పరిచారు. కాలక్రమంలో అవి పునీతుల ప్రార్థనమాల చెప్పుకుంటూ పొలాల గట్ల వెంట నడిచే పంట ప్రార్థనలయ్యాయి. 1969లో క్యాలెండరును సవరించినప్పుడు వీటిని తీసిపారేయలేదు. ఏ ప్రాంతపు అవసరానికి తగినట్లు ఆ ప్రాంతం జరుపుకొనేలా మేత్రాణుల సమాఖ్యలకు అప్పగించారు. చాలా విచారణల్లో మనం దాన్ని అటకెక్కించాం, అందులో నా విచారణ కూడా ఒకటిగా ఉండేది.

పునీతులలో మనకొక పాలేరు కూడా ఉన్నాడు, మీకు తెలుసా? మాడ్రిడ్ దగ్గర ఒక భూస్వామి పొలంలో కూలికి దున్నిన ఇసిదోరు. 1622లో ఆయనను పునీతునిగా ప్రకటించారు. పండుగ మే 15న. ఆ తరువాత పది రోజులకే మనకు రోహిణి. ఇక మన మేత్రాసన ప్రధానాలయం కాజీపేటలోని ఫాతిమా మాత దేవాలయం గదా. ఆ తల్లి 1917 మే 13న దర్శనమిచ్చింది గొర్రెలు కాసే ముగ్గురు పిల్లలకు, మేత బీడులో, ఒక చిన్న చెట్టు మీద. పట్నాలలో ఆలయాలు లేకనా?

ఇంట్లో సాయంకాల ప్రార్థనకు పిల్లలు కూర్చోవడం లేదని తల్లులు నాతో మొరపెట్టుకుంటారు. జపమాలకు ముందు వారినొక మాట అడిగి చూడండి: ఈ రోజు ఏం చూశావు? ఇంకో పదిహేను రోజుల్లో తొలకరి పడితే ఎర్ర మఖమలు ముక్కలా ఆరుద్ర పురుగు తిరుగుతుంది. అరచేతిలో పెట్టుకొని తెచ్చినవాణ్ణి కసరకండి. దాన్ని చేసినవానికి వానితోనే వందనం చెప్పించి, తీసిన చోటే వదలిపెట్టించండి. జపమాల మాసమైన అక్టోబరులో చేల గట్ల మీద తంగేడు, గునుగు విరగబూస్తాయి. దేవమాత స్వరూపం ముందు ప్లాస్టిక్ పూలెందుకు?

తపస్సుకాలం నాటికి మన మోదుగు చెట్టు ఆకంతా రాల్చి ఎర్రగా పూస్తుంది. నాకు మాత్రం ఆ కాలంలో చెరువే ఎక్కువ బోధ చేస్తుంది. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైనప్పుడు మా ఊరి చెరువు దగ్గర నిలబడి చూశాను. నిండుగా ఉన్నన్నాళ్ళు ఆ చెరువులో ఎంత పూడిక ఉందో ఎవరికీ తెలియలేదు. నీరు ఇంకి, అడుగు బయటపడ్డాకే తవ్వడం కుదిరింది. మన జీవితాలలో కూడా అన్నీ నిండుగా ఉన్నప్పుడు పాపసంకీర్తనానికి వచ్చేవారు తక్కువ. రోగమో, నష్టమో, ఇంట్లో గొడవో వచ్చి నీరు ఇంకినప్పుడే లోపలిది కనబడుతుంది. ఇంకొకటి చూశాను. తీసిన పూడికను ఎవరూ పారబోయలేదు. ట్రాక్టర్లలో చెలకలకు తోలుకున్నారు, ఎరువుకు ఎరువని. ఒకప్పుడు తాగి ఇల్లు గుల్ల చేసుకొని, తరువాత మానుకొన్న ఒకాయన మా విచారణలో ఉన్నాడు. తాగుడు మానాలనుకొనేవారు నా దగ్గరకు రారు, ఆయన దగ్గరకే పోతారు.

ఇంతవరకు రాయడం తేలికే. ఇక రాయవలసినది ఒకటుంది.

నేను గురుపట్టం పొందిన తొలి రోజులవి. 1997-98 పంటకాలం. పత్తి మీద లద్దె పురుగు పడింది. మందు మీద మందు కొట్టారు, పురుగు చావలేదు, అప్పు పెరిగింది. వరంగల్ జిల్లా పత్తి రైతులు ప్రాణాలు తీసుకుంటున్న వార్త దేశాన్నే కదిలించింది. నేను పూజకు వెళ్ళే ఒక చిన్న ఊరిలో ఒకతను ఉండేవాడు. ఏ ఆదివారమూ తప్పేవాడు కాదు. ఆ డిసెంబరులో, ఆగమన కాలపు ఒక ఆదివారం, పూజ అయ్యాక వచ్చి "ప్రార్థన చేయండి ఫాదర్" అన్నాడు. తల మీద చెయ్యి పెట్టి దీవించాను. దేవుని మీద భారం వేసి ఓపిక పట్టమన్నాను. ఆ రోజు నా ప్రసంగంలో యాకోబు లేఖ 5వ అధ్యాయం చెప్పాను: రైతు తొలకరికీ కడవరి వానకూ ఓపికతో కాచుకొని ఉన్నట్లు మీరూ ఉండాలని. అవతలి ఊళ్ళో పూజకు వేళ మించిపోతోంది. మోటారు సైకిలు ఎక్కాను. చేను ఎట్లుంది, ఎవరికెంత బాకీ, రాత్రి నిద్ర పడుతోందా, ఒక్క మాట అడగలేదు.

క్రిస్మస్‌కు ముందే అతణ్ణి సమాధి చేశాం. ఇలా పోయినవానికి గుడి గంట కొట్టవచ్చునా అని వెనుక ఎవరో గుసగుసలాడారు. గంట నేనే కొట్టాను. ప్రాణం తీసుకోవడం దేవుని చట్టానికి విరుద్ధమే. కాని తీవ్రమైన వేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయనీ, అలా వెళ్ళినవారి రక్షణ విషయంలో మనం నిరాశ పడరాదనీ, వారికోసం శ్రీసభ ప్రార్థిస్తుందనీ 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం 2282, 2283 సంఖ్యలలో స్పష్టంగా ఉంది. మీ బంధువుల్లో అటువంటి మరణం జరిగి ఉంటే, వారి పేరున పూజ చెప్పించడానికి సిగ్గుపడకండి.

నెల పూజ నాడు అతని భార్య నాతో, "ఆనాడు మీరొక గడియ కూసుంటే చెప్పేటోడేమో ఫాదర్" అన్నది. నిష్ఠూరంగా అనలేదు. అందుకే అది ఇప్పటికీ నాలో ఉంది. ఆ రాత్రి యాకోబు లేఖ మళ్ళీ తీశాను. 5వ అధ్యాయం రాసిన చెయ్యే 2వ అధ్యాయంలో, బట్టా తిండీ లేని సహోదరునికి ఏమీ ఇవ్వకుండా సమాధానంగా వెళ్ళు, చలి కాచుకో అని పంపేవారిని నిలదీసింది. నాకు ఒక అధ్యాయం గుర్తుంది, ఒకటి లేదు. ఓపిక పట్టండి అని యాకోబు చెప్పింది సహోదరులందరితో కలిపి. నేనది ఒక్కనితో చెప్పి, అతణ్ణి ఒక్కణ్ణే వదలి వచ్చాను.

సేద్యం తెలియని పట్నం కుటుంబాల కోసం కొంచెం వివరిస్తాను. 60, 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసిన తరువాతే పత్తి పెట్టమని వ్యవసాయ శాఖవారు చెబుతారు. అందరికీ తెలుసు. అయినా మృగశిరలో మొదటి జల్లు పడగానే, అదను దాటిపోతుందేమోనని గింజ వేస్తారు. గింజ ఉబ్బుతుంది, కొన్ని మొలుస్తాయి, ఆపై పది రోజులు ఎండ కాస్తుంది. మొలక మాడిపోతుంది. మళ్ళీ విత్తాలి. మొదటి ప్యాకెట్‌ను చేతి డబ్బుతో కొన్నవాడు రెండో ప్యాకెట్‌కు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. కౌలు రైతుకైతే ఇది ఇంకా కష్టం, బ్యాంకులో చూపడానికి వాని పేర కాగితం ఉండదు.

కావున మా విచారణలో కొన్నేళ్ళుగా మృగశిరకు దగ్గరి ఆదివారం విత్తనాల పూజ పెట్టుకుంటున్నాం. జూన్ మాసం యేసు తిరుహృదయ మాసం గూడా గదా. ఇళ్ళలో దాచిన కందులు, పెసర్లు, జొన్నలు పిల్లలు పీఠం దగ్గరకు తెస్తారు. పత్తి గింజ ఇప్పుడు ఇంట్లో దాచుకొనేది కాదు గనుక దానికి బదులు, ఉద్యోగాలున్నవారు, పట్నంలో స్థిరపడినవారు ఒక ప్యాకెట్ ఖరీదు కవరులో పెట్టి వేస్తారు. దానికి మేము 'రెండో విత్తనం' అని పేరు పెట్టుకున్నాం. మొదటి విత్తు పోయిన ఇంటికి పునర్వసు కార్తెలోపు అందాలి. ఎవరికి ఇచ్చామో గుడిలో చదవము. నలుగురికే తెలుస్తుంది, అందులో ఇద్దరు స్త్రీలు.

ఇది చాలదని నాకు తెలుసు. ఒక ప్యాకెట్‌తో పాత బాకీ తీరదు, ఎనుమాముల మార్కెట్‌లో ధర పెరగదు. అయితే ఆ కవరు ఇవ్వడానికి ఒకరు ఇంటికి వెళ్ళాలి, వెళితే కూర్చోవాలి, కూర్చుంటే మాట వస్తుంది. మాకు కావలసింది చాలావరకు ఆ కూర్చోవడమే. మీ వీధిలో ఎవరైనా నిద్ర లేక, ఎవరితోనూ మాట్లాడక ఉంటే, మీ విచారణ గురువులకు చెప్పండి, మీరూ వెళ్ళండి. ప్రభుత్వం వారి టెలీ మానస్‌కు 14416 నెంబరులో రాత్రైనా పగలైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే.

ఈసారి మా విత్తనాల పూజ వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు. ప్రక్క విచారణలవారు వచ్చినా సంతోషమే. గింజలను గుడ్డలో మూట కట్టి తీసుకురండి. పోయినేడు ప్లాస్టిక్ కవర్లలో తెచ్చినవి పూజ అయ్యేలోపే చెమ్మగిల్లాయి.