మన నిద్ర – వారి నీడ

పండుగ సంచికకు ఏదైనా నాలుగు మంచి మాటలు రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, అలవాటు ప్రకారం నవరాత్రుల విశిష్టత గురించి రాద్దామని మొదట అనుకున్నాము. కానీ పద్నాలుగు నెలలుగా మా భవనంలోని తెలుగు కుటుంబాలు ఏ ఇద్దరు లిఫ్టులో కలిసినా మాట్లాడుకునేది ఒకటే విషయం. ధర్మం గురించి రాయడానికి ఇంటి పక్కనున్న దాన్ని వదిలి ఎక్కడికో వెళ్ళడం ఎందుకనిపించింది.

మేముండేది దుబాయిలో జుమేరా విలేజ్ సర్కిల్‌లో. అందరూ జేవీసీ అంటారు. పేరులో విలేజ్ ఉందన్న మాటే గానీ పల్లెటూరి ఛాయలు ఎక్కడా కనపడవు. మేము అద్దెకు దిగిన రోజుల్లో పక్కన ఖాళీ ఇసుక స్థలం ఉండేది. సాయంత్రం బాల్కనీలో నిలబడి టీ తాగుతూ సూర్యాస్తమయం చూసేవాళ్ళం. ఆ స్థలం ఎప్పటికీ ఖాళీగా ఉండదని మాకు తెలియక కాదు. తెలిసినా, మన అద్దె ఒప్పందం ముగిసేదాకా ఉంటే చాలులే అనుకునే స్వభావం మనిషిది.

నిరుడు వేసవిలో చుట్టూ రేకులు పాతారు. పునాది తవ్వుతున్న నెలల్లో దేవుడి గూట్లో పెట్టిన ఇత్తడి కుంది తనంతట తానే అంచుదాకా జరిగి వచ్చేది. తర్వాత స్లాబులు మొదలయ్యాయి. వెనక్కి వచ్చే మిక్సర్ లారీల కీచు కూతలు, కాంక్రీటు పంపు హోరు, వైబ్రేటరు గుయ్ మనే మోత, సెంట్రింగు విప్పేటప్పుడు ఇనుప పైపులు ఒకదానిమీద ఒకటి పడే చప్పుడు, ఇవన్నీ ఇప్పుడు మా పిల్లలు నోటితో అనుకరించి చూపించగలరు. తులసి ఆకు పచ్చగా కనపడాలంటే రోజూ తడిగుడ్డతో తుడవాలి. ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బాల్కనీలో వడియాలు పెట్టి, సాయంత్రానికి వాటిమీద పేరుకున్న సిమెంటు దుమ్ము చూసి, మళ్ళీ ఆ ప్రయత్నం చేయలేదు.

ఇవన్నీ భరించదగినవే. భరించలేనివీ ఉన్నాయి. మూడో అంతస్తులో నాలుగు నెలల పాప ఉంది. ఆ ఇంటి పడకగది కిటికీ సరిగ్గా టవరు వైపే తెరుచుకుంటుంది. రాత్రి పదకొండుకు పంపు మొదలైతే ఆ తల్లి తెల్లవారుజాము దాకా పిల్లను భుజాన వేసుకుని వంటగదిలో తిరుగుతుంది. మా మధ్య నుంచి రెండు కుటుంబాలు ఒప్పందం మధ్యలోనే ఇల్లు ఖాళీ చేసి నష్టపోయాయి. మిగిలినవారు ముందే ఇచ్చేసిన అద్దె చెక్కులు తలచుకుని ఆగిపోయారు. యజమానిని అడిగితే ఆయన సమాధానం ఒక్కటే: ఆ స్థలం నాది కాదు, అక్కడ ఏం జరిగినా నేను చేయగలిగింది లేదు. అదీ అబద్ధమేమీ కాదు.

మొన్న జులైలో ఇరవై మూడు ఫ్లాట్ల వాళ్ళం కూర్చుని ఒక విజ్ఞప్తి తయారు చేశాము. రాత్రిపూట పని చేయాలంటే మునిసిపాలిటీ అనుమతి ఉండాలి కనుక, ఆ అనుమతి ఇకపై ఇవ్వవద్దని కోరడమే దాని సారాంశం. సంతకాలు అయిపోయాయి. మర్నాడు పంపించాలి.

ఆ సాయంత్రం మాలో ఒకావిడ కింద ఉన్న గ్రాసరీకి పెరుగు కోసం వెళ్ళింది. అక్కడ నీళ్ళ సీసాలు కొంటున్న నలుగురు కార్మికులు తెలుగు మాట్లాడుకుంటున్నారు. పలకరించింది. అందరూ జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళు. పక్క టవరులో రాత్రి డ్యూటీ. మాటల్లో మాటగా, మీ చప్పుడుకు మాకు నిద్రలుండడం లేదయ్యా అన్నది. వారిలో పెద్దవాడు నొచ్చుకున్నట్టుగా తల దించుకుని ఇలా అన్నాడట:

"మాకెర్కనే అక్కా. వైబ్రేటర్ షురూ చేయంగనె మీ బిల్డింగుల లైట్లు ఒక్కొక్కటే వెలుగుతయి. మేం మీదికెల్లి చూస్తనే ఉంటం. ఏం జేస్తం చెప్పు? పగటిపూట ఇనుము ముడితె చెయ్యి అంటుకుంటది."

ఆవిడ పైకి వచ్చి ఈ మాట చెప్పిన తర్వాత ఆ కాగితం మర్నాడు వెళ్ళలేదు.

ఈ దేశపు వేసవి గురించి ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో, ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వం పెట్టిన నియమం ఉంది. 2005లో మొదలై ఏటా అమలవుతోంది. ఉల్లంఘిస్తే కార్మికుడికి 5,000 దిర్హాముల చొప్పున, మొత్తం 50,000 వరకు జరిమానా. ఆపడానికి వీలులేని కాంక్రీటు, తారు పనులకు మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. నియమం మంచిదే. కానీ ఆ రెండున్నర గంటల పని మాయమైపోదు కదా! తెల్లవారుజాముకో, రాత్రికో జరుగుతుంది. అంటే వాళ్ళకు దొరికిన నీడకు కొంత వెల మన నిద్రలోంచి వెళుతోంది. మనం రాత్రి పని ఆపించగలిగితే ఆ వెల తిరిగి వాళ్ళ నెత్తిన పడుతుంది. అప్పుడు వాళ్ళను ఎండలో నిలబెట్టేది కంపెనీయా, సంతకం పెట్టిన మనమా?

మాలో ఒక సివిల్ ఇంజనీరు గారున్నారు. ఆయన మా ఉదారత మీద చన్నీళ్ళు చల్లారు. వేసవిలో రాత్రిపూట కాంక్రీటు పోసేది కార్మికుల మీద దయతో కాదండీ, ఎండకు అది తొందరగా గట్టిపడి పగుళ్ళిస్తుంది గనుక అన్నారు. బుర్జ్ ఖలీఫా కట్టిన రోజుల్లో (2004 నుంచి 2010 వరకు) కూడా వేసవిలో కాంక్రీటులో ఐసు కలిపి రాత్రిళ్ళే పోశారని చెప్పారు. నిజమే కావచ్చు. కాంక్రీటు ఆరోగ్యం కోసం తీసుకున్న జాగ్రత్త వల్ల మనిషికి కూడా కాస్త చల్లదనం దొరికిందన్నమాట. దొరికిన తీరు మనకు నచ్చలేదని దాన్ని లాగేసుకోవచ్చునా?

ఆయనే తర్వాత మరో సంగతి చెప్పారు, అదీ ఎవరూ అడగకుండానే. తాను పగలు చేసే ఉద్యోగం వేరే ప్రాంతంలో లేస్తున్న ఇలాంటి టవరుకే పని కార్యక్రమం వేయడం. ఏ స్లాబు ఏ రాత్రి పడాలో రాసేది తానే. అక్కడా ఎవరో ఒక పాప నిద్ర లేస్తుందని ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ తనకు తట్టలేదట. ఆయన అలా చెప్పాక ఇంకొకరు గొంతు సవరించుకున్నారు. వారు ఊరికి అవతలి వైపు కడుతున్న ఒక భవనంలో ఫ్లాటు బుక్ చేసుకున్నారు. హ్యాండోవర్ మూడు నెలలు ఆలస్యమైందని కిందటి వారమే ఫోనులో గట్టిగా అడిగారట. తొందర పెట్టేవాళ్ళం, తొందర వల్ల నిద్ర చెడగొట్టుకునేవాళ్ళం ఒకే గదిలో కూర్చున్నాము. అసలు మేముంటున్న భవనం మాత్రం మౌనంగా లేచిందా? దాని పంపు హోరుకు ఎదురు విల్లాలో ఎవరు మేలుకున్నారో మేమెప్పుడూ అడగలేదు.

మన పూర్వులు దీన్ని ఆలోచించకపోలేదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో, చెట్టు కొట్టబోయే ముందు దాన్ని ఆశ్రయించుకుని ఉన్న భూతాలకు నమస్కరించి, బలి సమర్పించి, దయచేసి మరోచోట నివాసం ఏర్పరచుకోండని వేడుకోవాలని చెప్పాడు. కంటికి కనపడని వాటికే ముందుగా కబురు! మా పక్క స్థలం వారు కంటికి కనపడే ఇరవై మూడు కుటుంబాలకు ఒక్క కాగితమైనా పంపలేదు. భారతంలో ఖాండవ వనం కాలినప్పుడు అందులోని ప్రాణులకు ఆ కబురు కూడా అందలేదు. ఆ మంటల్లోంచి శరణు కోరి బయటపడ్డ మయుడే తర్వాత ధర్మరాజుకు సభ కట్టాడు, అదీ పద్నాలుగు నెలల్లో. (మా పక్కవాళ్ళు అదే పద్నాలుగు నెలల్లో ఇరవై అంతస్తులు లేపారు. మయుడి దగ్గర పంపులు లేవు కాబోలు.) ఆ సభ అందం గురించి మన కవులు ఎంతో చెప్పారు. కాలిన అడవి ఆ వర్ణనల్లో కనపడదు. శతపథ బ్రాహ్మణం మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు మాత్రమే కాదు, సాటి మనుషులకూ ఋణపడి పుడతాడంటుంది. మొదటి మూడు ఋణాలకు మనం పూజలు, తద్దినాలు ఏర్పాటు చేసుకున్నాము. నాలుగోదాన్ని తీర్చే వేళ ఇలా రాత్రి పదకొండింటికి, పంపు చప్పుడుతో వస్తుందని ఎవరనుకుంటారు!

అయితే నోరు మూసుకుని పడి ఉండడమే ధర్మమా? కొందరు పెద్దలు అదే అన్నారు. పరాయి దేశం, వీసా మీద ఉన్నాము, మనకెందుకు గొడవ, కర్మ అనుకుని సర్దుకుపోదామన్నారు. వారి వయసుకు నమస్కరిస్తూనే ఈ మాటతో మేము ఏకీభవించలేకపోయాము. సహనం వేరు, భయం వేరు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనపడతాయి గనుక భయానికి సహనమని పేరుపెట్టుకోవడం మనకు సులువు. ఫిర్యాదు చేసుకునే దారి ఈ ఊళ్ళో ఉండగా దాన్ని వాడుకోకపోతే నష్టపోయేది సర్దుకుపొమ్మన్న పెద్దలు కారు, మూడో అంతస్తు పాప.

అందుకని కాగితం మళ్ళీ రాయాలనుకున్నాము. వేసవిలో రాత్రి స్లాబులు ఆపమనే మాట తీసేద్దామని ఎక్కువమంది అన్నారు. అప్పుడు ఆ పాప తల్లి అన్న మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"అంకుల్, ధర్మం మీరు చేయండి, కాదనను. కానీ దానికి నా బిడ్డ నిద్ర ఎందుకు ఖర్చు పెడతారు?"

చుట్టూ చూస్తే, రాత్రి పని ఆపమనొద్దని ముందుగా చెయ్యెత్తిన వాళ్ళలో చాలామంది ఫ్లాట్లు రోడ్డు వైపువే. వారికి పంపు హోరు దూరపు వాన చప్పుడంత. త్యాగం చేద్దామని మేము ఎంతో తేలిగ్గా నిర్ణయించేశాము, చేయవలసింది మాత్రం ఆ పిల్ల. ఆమె ప్రశ్నకు ఆ రోజు ఎవరూ జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడూ మా దగ్గర పూర్తి జవాబు లేదు. కార్మికుడి ప్రాణం పెద్దదా, పాప నిద్ర పెద్దదా అని తూకం వేస్తే తక్కెడ ఎటు మొగ్గుతుందో ఆ తల్లికీ తెలుసు. ఆమె అడిగింది అది కాదు. ఆ బరువు తన ఒక్కతె భుజం మీదే ఎందుకుందని అడిగింది.

చివరికి ఆగస్టులో వెళ్ళిన కాగితంలో ఉన్నవి మూడే. ప్రతి స్లాబు తేదీ, వేళ రెండు రోజుల ముందు మాకు తెలియజేయాలి. మావైపు గుడ్డ తెర కట్టి దుమ్ము ఆపాలి. సెప్టెంబరు 15 దాటాక, పగటిపూట పని చేయడానికి ఎండ అడ్డం కాని రోజుల్లో, రాత్రి పని ఉండకూడదు. ఎందుకంటే వేసవి రాత్రి పనిలో ఒక మనిషి నీడ ఉంది. చలికాలపు రాత్రి పనిలో ఉన్నది హ్యాండోవర్ తేదీ మాత్రమే. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి ఓర్చుకోవలసిన పని లేదు. మా కాగితం నకలు ఒకటి ఇంజనీరు గారు తన ఆఫీసుకు కూడా తీసుకెళ్ళారు. అక్కడ ఏం చేశారో మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

తెర సగం కట్టారు. మూడో కోరిక మీద ఇంకా ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి. తేదీలు మాత్రం వస్తున్నాయి. అటువైపు ఫోర్‌మన్ మా వాచ్‌మన్‌కు ఒక చీటీ ఇస్తాడు, అతను దాన్ని లిఫ్టులో అద్దం పక్కన అంటిస్తాడు. రోడ్డు వైపు ఉన్న ఇళ్ళవాళ్ళం వంతులు వేసుకున్నాము. స్లాబు పడే రాత్రి పాప, తల్లి మాలో ఎవరో ఒకరి ఇంట్లో పడుకుంటారు. మొదటిసారి పిలిచినప్పుడు ఆమె మొహమాటపడి రాలేదు. రెండోసారి అక్కయ్య గారు స్వయంగా వెళ్ళి పాప పక్కబట్టలు చంకన పెట్టుకుని వచ్చేశారు, ఇక తల్లి రాక తప్పలేదు.

ఈ వ్యాసం ముగిస్తున్న రోజు పొద్దున లిఫ్టులో కొత్త చీటీ కనపడింది. ఇరవై ఒకటో స్లాబు, రాత్రి 11 నుంచి 4 వరకు. వంతు ఐదో అంతస్తు వాళ్ళది.