పిల్లల ప్రశ్నకు ఇంట్లోనే జవాబు దొరకాలి



మన పిల్లల్లో చాలామంది క్రైస్తవ పిల్లలతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుంటున్నారు. ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో వచ్చేసరికి మాటల్లో మాటగా ఒక ప్రశ్న వస్తుంది: "మీరు కూడా యేసును నమ్ముతారంటగా! మరి ఆయన దేవుని కుమారుడంటే ఎందుకు ఒప్పుకోరు?" పిల్లవాడు ఆ ప్రశ్నను ఇంటికి తెస్తాడు. "అలాంటివి మాట్లాడకూడదు, పాపం" అని మనం గద్దిస్తే వాడి మనసులో ప్రశ్న అలాగే ఉండిపోతుంది. మనల్ని అడగటం మాత్రం మానేస్తాడు. ఇది చిన్న నష్టం కాదు.

అవతలి పిల్లవాడికి ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ముందుగా తెలుసుకుందాం.

వారు ఎలా నేర్పుతారు?

బైబిలు కొత్త నిబంధనలో పేతురు రాసిన మొదటి పత్రిక ఉంది. మీ నిరీక్షణకు కారణమేమిటని ఎవరు అడిగినా జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలనీ, ఆ జవాబు సాత్వికంగా, భయభక్తులతో చెప్పాలనీ దాని మూడవ అధ్యాయంలో బోధ ఉంది. జవాబు అనే చోట గ్రీకు మూలంలో 'అపొలొగియా' అనే మాట ఉంది. న్యాయస్థానంలో మనిషి తన పక్షాన చెప్పుకునే సమాధానానికి ఆ మాట వాడేవారు. విశ్వాసాన్ని హేతువులతో సమర్థించే విద్యకు 'అపోలజెటిక్స్' అనే పేరు దాని నుంచే వచ్చింది.

పిల్లలకు నేర్పే విషయంలోనూ వారికి పాత సంప్రదాయమే ఉంది. జర్మనీలో మార్టిన్ లూథర్ 1528లో పల్లె చర్చీలను చూసి, జనానికి తమ మతంలోని మొదటి పాఠాలు కూడా తెలియవని బాధపడ్డాడు. 1529లో ప్రశ్నోత్తరాల రూపంలో చిన్న పుస్తకం రాశాడు. ప్రతి పాఠం తర్వాత "దీని అర్థమేమిటి?" అనే ప్రశ్న వస్తుంది. ఆ పాఠాలను ఇంటివారికి నేర్పే బాధ్యతను లూథర్ కుటుంబ యజమాని మీద పెట్టాడు. 1563లో హైడెల్బర్గ్‌లో వెలువడిన మరో పుస్తకంలో 129 ప్రశ్నలున్నాయి. సంవత్సరంలోని 52 ఆదివారాలకూ వాటిని పంచారు. నేటికీ ఆదివారపు బడులు, వేసవి సెలవుల్లో వి.బి.ఎస్. తరగతులు, కొన్ని సంఘాల్లో కన్ఫర్మేషన్‌కు ముందు పాఠాలు జరుగుతూనే ఉన్నాయి. దేవుడున్నాడా, ఉంటే లోకంలో బాధ ఎందుకు, యేసు పునరుత్థానానికి ఆధారమేమిటి అనే ప్రశ్నల మీద పిల్లల కోసమే రాసిన పుస్తకాలు కూడా వచ్చాయి.

వారి సిద్ధాంతాలన్నీ మనకు సమ్మతం కావు. కానీ పిల్లవాడి ప్రశ్నను పాఠానికి ఆరంభంగా తీసుకోవడం, దాని బాధ్యత తల్లిదండ్రులు మోయడం మనకు కొత్తవా?

మన ఆదర్శాలు

హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) మృతులను ఎలా బ్రతికిస్తావో చూపమని ప్రభువును వేడుకున్నారు. నమ్మకం లేక కాదు, హృదయ తృప్తి కోసమేనని విన్నవించుకున్నారు. అల్లాహ్ ఆయన్ను గద్దించలేదు, చూపించాడు (అల్ బఖర: 260).

వ్యభిచారానికి అనుమతి ఇవ్వమని ఒక యువకుడు దైవప్రవక్త (సఅసం)ను అడిగాడు. చుట్టూ ఉన్నవారు అతణ్ణి గద్దించారు. దైవప్రవక్త (సఅసం) మాత్రం దగ్గరకు పిలిచి, నీ తల్లి విషయంలో, నీ కూతురి విషయంలో దీన్ని ఇష్టపడతావా అని ఒక్కొక్కటిగా అడిగి ఆలోచింపజేశారు. చివరకు అతని కోసం దుఆ చేశారు (ముస్నద్ అహ్మద్).

ఇక హజ్రత్ జాఫర్ (రజి) విషయం చూడండి. హబషా క్రైస్తవ రాజు నజ్జాషీ దర్బారులో ఆయన సూరె మర్యమ్ పఠిస్తే రాజు కన్నీరు పెట్టుకున్నాడు. మర్నాడు ఖురైష్ దూతలు, ఈసా (అలై) గురించి వీరేమంటారో అడగమని రాజును రెచ్చగొట్టారు. ముస్లిములకు అది ప్రాణసంకటం. అయినా జాఫర్ (రజి) ఉన్నదే చెప్పారు: ఆయన అల్లాహ్ దాసుడు, ప్రవక్త, కన్య మర్యమ్‌కు చేరవేయబడిన దైవవాక్కు. రాజును మెప్పించడానికి సత్యాన్ని దాచలేదు, సత్యం చెబుతున్నామని రాజును నొప్పించనూ లేదు.

మనం చేయవలసింది

మొదటిది, ఎదుటివారి విశ్వాసాన్ని వారు చెప్పినట్టే పిల్లలకు చెప్పాలి. "వాళ్లు ముగ్గురు దేవుళ్లంటారు" అని తేల్చేస్తే, మరునాడు క్రైస్తవ మిత్రుడు "మేము ఒక్క దేవుణ్ణే నమ్ముతాం, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఆ ఒక్క దేవుడే" అంటాడు. అప్పుడు మన పిల్లవాడి దృష్టిలో అబద్ధమాడింది మనమే అవుతాం. న్యాయం పాటించమన్న ఆజ్ఞ (అల్ మాయిద: 8) ఇక్కడా వర్తిస్తుంది.

రెండోది, మనం ఎందుకు ఒప్పుకోమో కారణంతో చెప్పాలి. తండ్రి లేకుండా పుట్టడమే దైవకుమారత్వానికి రుజువైతే, తల్లీ తండ్రీ ఇద్దరూ లేని ఆదమ్ (అలై) మాటేమిటి? ఈసా (అలై)కి ఆదమ్ (అలై) ఉపమానం ఇచ్చింది ఖుర్ఆనే (ఆలి ఇమ్రాన్: 59). ఈసా (అలై), ఆయన తల్లి ఆహారం తినేవారని కూడా అది గుర్తుచేసింది (అల్ మాయిద: 75). ఆకలి గలవాడు ఆరాధ్యుడెలా అవుతాడు? పన్నెండేళ్ల పిల్లవాడికి ఈ మాట అర్థమవుతుంది. దీనికి క్రైస్తవులు, ఆయన దేవుడూ మనిషీ కూడా అని జవాబు చెబుతారు. అదీ పిల్లవాడికి ముందే తెలిసి ఉండాలి.

మూడోది, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవాలి. అంతటి ఇమామ్ మాలిక్ (రహ్మ) ఎన్నో ప్రశ్నలకు "నాకు తెలియదు" అన్నారు. "కనుక్కుని చెబుతాను నాన్నా" అనండి. అన్నాక తప్పకుండా కనుక్కుని చెప్పండి.

నాలుగోది, ఎగతాళి నేర్పకండి. గ్రంథవహులతో ఉత్తమ రీతిలో తప్ప వాదించవద్దన్నది అల్లాహ్ ఆజ్ఞ (అల్ అన్కబూత్: 46). వాదనలో గెలిచి స్నేహితుణ్ణి ఏడిపించి వచ్చిన పిల్లవాణ్ణి మెచ్చుకోకూడదు. మనం నేర్పవలసిన ధర్మం వాడింకా నేర్చుకోలేదు.

ఇషా నమాజు తర్వాత వారానికి ఒక్క రాత్రి టీవీ కట్టేసి, సెల్‌ఫోన్లు పక్కన పెట్టి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. "ఈ వారం నిన్ను ఎవరేమి అడిగారు?" అని మీరే అడగండి.

ఓ ప్రభూ! మా సంతానాన్ని మా కళ్లకు చలువగా చేయి. వారి హృదయాల్లో విశ్వాసాన్ని, నాలుకలపై సత్యాన్ని, మాటల్లో మృదుత్వాన్ని ప్రసాదించు. ఆమీన్.