పాతిక పీపీఎం దగ్గర ఆగిన పాపం

1959 డిసెంబరు 24న జపాన్‌లోని మినమాతా ఊళ్లో ఒక కంపెనీ ప్రెసిడెంటు పదిమందీ చూస్తుండగా గ్లాసుడు నీళ్లు తాగాడు. అక్కడి చిస్సో రసాయన కర్మాగారం తన మురుగునీటిని శుభ్రం చేసే యంత్రం ఒకటి కొత్తగా పెట్టింది. దాని పేరు సైక్లేటర్. అందులోంచి శుద్ధి అయి వచ్చిన నీళ్లివేనని చెప్పి, ప్రారంభోత్సవం నాడు ప్రెసిడెంటు యోషియోకా కీచీ గ్లాసెత్తి తాగేశాడు. ఆ మురుగుతో ఊరికి పట్టిన జబ్బు పీడ విరగడైందని చాలామంది నమ్మారు. నీళ్లలో కరిగిన సేంద్రియ పాదరసాన్ని తీయడానికి ఆ యంత్రాన్ని కట్టనేలేదని చాలా ఏళ్లకు గాని బయటపడలేదు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు కోపం కన్నా ముందు నాకు ఒళ్లు జలదరించింది. నేను పుట్టింది పౌరోహిత్యం చేసే ఇంట్లో. సంకల్పం చెప్పినా, దానం ధారపోసినా, పిల్లనిచ్చినా చేతిలో నీళ్లుండాలి. ఆ నీళ్లు జారాక మాట వెనక్కి తీసుకోవడం ఉండదు. అలాంటి నీళ్లనే పట్టుకొచ్చి అబద్ధానికి సాక్ష్యం పెట్టారు! ఊరి వాళ్ల కళ్లముందు జరిగినది ఒక శుద్ధి తంతే. దానికి కావలసిన హంగులన్నీ ఉన్నాయి, పెద్దలున్నారు, జలం ఉంది, పుచ్చుకోవడం ఉంది. లేనిదల్లా శుద్ధి.

పుట్టింది ఆ ఇంట్లో గాని, నేను చేసిన ఉద్యోగం బురదతో. విశాఖపట్నంలో ఒక ల్యాబులో కెమిస్టుగా రిటైరయ్యాను. బోటు మీంచి గ్రాబ్ దించి, పైకి లాగి, దాని దవడలు విప్పితే ట్రేలో ఒక ముద్ద పడుతుంది. పైన గోరు మందాన గోధుమరంగు పొర ఉంటుంది. ప్లాస్టిక్ చెంచాతో దాన్ని పక్కకి తోస్తే లోపలంతా నలుపు, కుళ్లిన గుడ్ల కంపు. గాలి చొరని ఆ నల్లటి పొరలోనే కొన్ని రకాల సూక్ష్మజీవులు మామూలు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. దాన్ని పురుగు తింటుంది, పురుగుని చిన్నచేప, చిన్నచేపని పెద్దచేప తింటాయి. మెట్టు మెట్టుకీ చిక్కబడుతూ చివరికది మనిషి కంచంలోకి వస్తుంది. పైన నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అని మురిసిపోయేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లకి నేను ట్రే చూపించేదాన్ని.

మినమాతాలో ఈ మార్పు అడుగు బురదలో మొదలవలేదు. అక్కడ ఎసిటాల్డిహైడ్ తయారీ 1932లో మొదలైంది. ఉత్ప్రేరకంగా వాడిన పాదరసంలో కొంత ఆ కుండీల్లోనే మిథైల్ పాదరసంగా మారి, హ్యాక్కెన్ అనే చోట కాలువ గుండా సముద్రపు పాయలోకి వెళ్లేది. పిల్లులు గిరగిరా తిరిగి నీళ్లలో పడి చచ్చేవి. 1956 మే 1న ఆ ఫ్యాక్టరీ ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసోకావా హజిమే, అంతుపట్టని నరాల జబ్బుతో పిల్లలు వస్తున్నారని ఆరోగ్యశాఖకి తెలియజేశాడు. 1958లో కంపెనీ కాలువని హ్యాక్కెన్ నుంచి మినమాతా నది మొగకి మళ్లించింది. అంతవరకూ ఒక మూల ఉన్న జబ్బు నది మొగ చుట్టుపక్కలా, షిరనుయి సముద్రం తీరమంతా కనిపించడం మొదలైంది. విషం పోయే దారి మార్చడాన్ని పరిష్కారమనుకోవడం ఇప్పటికీ మనం మానలేదు, అది వేరే సంగతి.

ఇదంతా ఒకసారి సెలవుల్లో నాన్నగారికి చెప్పాను. ఆడపిల్లనని నాకు వేదం చెప్పలేదు గాని, ధర్మశాస్త్రం అడిగితే కాదనేవారు కాదు. అంతా విని, "వాళ్లకి ఎప్పుడు తెలిసిందమ్మా?" అన్నారు. పాపమనీ కలికాలమనీ అంటారనుకుంటే, ఆయన అడిగింది తేదీ!

అది శాస్త్రజ్ఞుడు అడిగే ప్రశ్నేనని తర్వాత అర్థమైంది. యాజ్ఞవల్క్య స్మృతి ప్రాయశ్చిత్త కాండలో ఒక మాట ఉంది. తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో పోతుంది, తెలిసి చేసినవాడు మాత్రం ప్రాయశ్చిత్తం వల్ల లోకంలో నలుగురితో వ్యవహరించడానికి తగినవాడు అవుతాడు. అంతే, అంతకు మించి హామీ లేదు. మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు దీన్ని ఇంకా విడదీశాడు. పాపానికి రెండు శక్తులట, ఒకటి నరకానికి ఈడ్చేది, రెండోది మనుషుల మధ్య కూచోనివ్వనిది. ప్రాయశ్చిత్తం చేసుకున్నా తెలిసి చేసిన పాపంలో మొదటిది అలాగే ఉంటుంది, రెండోదే తొలగుతుంది. శాస్త్రకారులంతా దీనిమీద ఒక్కమాట మీద లేరు. మన కేతన పదమూడో శతాబ్దంలోనే ఈ విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడు కాబట్టి ఇది మనకి కొత్తగా దిగుమతి అయిన చర్చ కాదు.

ఇంతకీ వాళ్లకి తెలిసిన తేదీ ఉంది. హొసోకావా డాక్టరు ఎసిటాల్డిహైడ్ విభాగం నుంచి వచ్చిన మురుగునీటిని తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టాడు. రికార్డుల్లో దాని నంబరు 400. 1959 అక్టోబరులో దానికి అచ్చం మనుషులకొచ్చిన జబ్బే వచ్చింది. కంపెనీ ఆ ప్రయోగాన్ని ఆపించి, ఫలితాన్ని దాచింది. ప్రెసిడెంటు గ్లాసెత్తింది ఆ తర్వాత రెండు నెలలకి. డాక్టరు పిల్లి సంగతి కోర్టుకి సాక్ష్యం చెప్పింది 1970లో, ఆసుపత్రి మంచం మీంచి. ఈలోగా 1968 మే నెల దాకా కాలువ పారుతూనే ఉంది. 1959 అక్టోబరుకి ముందు కారినదీ, తర్వాత కారినదీ ఒకే పాదరసం, ల్యాబులో వాటిని విడదీయలేను. నాన్నగారి లెక్కలో మాత్రం అవి రెండు వేరు వేరు పద్దులు.

ప్రాయశ్చిత్తానికి ఒక పద్ధతి ఉంది. పాపం చేసినవాడు కట్టుబట్టలతో మునిగి, ఆ తడిబట్టలతోనే పండితుల పరిషత్తు ముందుకొచ్చి, చేసిందంతా దాచకుండా చెప్పాలి. అప్పుడు గాని పరిషత్తు నోరు విప్పకూడదు. ధర్మం తెలియకుండా ప్రాయశ్చిత్తం చెప్పేస్తే ఆ పాపం నూరింతలై చెప్పినవాళ్లకే చుట్టుకుంటుందని మనుస్మృతి బెదిరిస్తుంది. ఉప్పుటేర్ల ప్రక్షాళనకి ప్లాన్లు రాసే కన్సల్టెంట్ల గదుల్లో ఈ మాట ఫ్రేము కట్టించి పెట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఎక్కడ ఎంత విషం ఉందో, ఎవరి గొట్టంలోంచి వచ్చిందో తేలకుండానే కరకట్ట మీద వాకింగ్ ట్రాక్ బొమ్మ వేసేస్తారు.

మినమాతా పరిషత్తు ఎలా నడిచిందో చూడండి. హ్యాక్కెన్ కాలువ మొగలో బురదలో పాదరసం 2,000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో రెండు వేల పాళ్లు, దాటిన చోట్లున్నాయి. ఎంతవరకు తీయాలి? సున్నా దాకా తీయాలంటే సముద్రాన్నే ఎత్తి పెట్టాలి. అందుకని ఒక సూత్రం కట్టారు. ఆటుపోట్ల ఎత్తెంత, బురదలోంచి పాదరసం నీళ్లలోకి ఎంత వంతున ఊరుతుంది, అక్కడ చేపల వేట ఏ మేరకు ఉంది, ఇవన్నీ కలిపి హెచ్చించి భాగిస్తే తేలిన అంకె 25 పీపీఎం. అంతకు మించి ఉన్న 15 లక్షల ఘనమీటర్ల బురదకి ఏర్పాటు చెయ్యాలి. పని 1977లో మొదలైంది. కెలికితే విషం మళ్లీ లేస్తుందని కొందరు స్థానికులు కోర్టుకెక్కారు. వాళ్ల భయం తీసిపారేయదగ్గది కాదు. 1980లో కోర్టు వాళ్ల పిటిషన్ కొట్టేశాక పని మళ్లీ సాగి 1990లో ముగిసింది. అడుగుని గీకే పళ్లు లేకుండా బురదని పీల్చే డ్రెడ్జర్లు వాడారు. మరీ విషం పేరుకున్న లోపలి భాగాన్ని ఉక్కు గోడలతో మూసి, బయటి బురదని పీల్చి దానిమీద పోసి, పైన గుడ్డలాంటి షీటు పరిచి, మంచి మట్టి కప్పారు. విషం పట్టిన చేపల్ని పట్టి డ్రమ్ముల్లో పెట్టి అందులోనే పాతారు. పాయ మొగకి 1974లో కట్టిన వలని 1997లో, చేపల్లో పాదరసం 0.4 పీపీఎం లోపే ఉందని తేలాక, విప్పేశారు. మొత్తం ఖర్చు 4,850 కోట్ల యెన్‌లు, అందులో చిస్సో వాటా 3,070 కోట్లు, మిగిలింది ప్రజల సొమ్ము.

గంగలో మునిగితే వదిలిన పాపం ఎక్కడికి పోతుందని మన వాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. గంగ సముద్రానికిస్తుంది, సముద్రం మేఘానికిస్తుంది, మేఘం తిరిగి వాడి ఇంటిమీదే కురుస్తుంది. మినమాతాలో అంత దూరం తిరగనక్కర్లేదు. పాపం చిరునామా తెలుసు, 58 హెక్టార్లు, అంటే సుమారు 143 ఎకరాలు. దాని పేరిప్పుడు ఎకో పార్క్. గులాబీ తోట, వెదురు తోట, ఆటస్థలాలు ఉన్నాయి.

ఒక శిక్షణ నిమిత్తం జపాన్ వెళ్లినప్పుడు అక్కడ నడిచాను. సముద్రం అంచున, గడ్డిలో, మోకాలెత్తు కూడా లేని రాతి బొమ్మలు. కొన్ని నవ్వుతాయి, కొన్నిటికి మొహం సరిగా తేలలేదు. రోగులూ వాళ్ల బంధువులూ హొంగన్ నో కాయి అనే సంఘంగా ఏర్పడి, సొంతంగా ఉలి పట్టి చెక్కి నిలబెట్టినవి. గుడి లేదు, పూజారి లేడు. మనుషులకే కాదు, ఆ డ్రమ్ముల్లో పోయిన చేపలకీ, పిల్లులకీ అవి మొక్కు.

ఆ సంఘంలో ఒగాటా మసాతో అనే జాలరి ఉన్నాడు. ఆరేళ్ల వయసులో తండ్రిని ఈ జబ్బుకి పోగొట్టుకున్నాడు. పెద్దయ్యాక పరిహారం కోసం పోరాడే రోగులకి నాయకుడయ్యాడు. 1985లో హఠాత్తుగా తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. చిస్సో అంటే నేనేనని ఆయన తర్వాత పుస్తకమే రాశాడు. కంపెనీలో ఆ కుర్చీలో తను కూచుంటే తనూ అదే చేసేవాణ్నేమో, తన ఇంట్లో టీవీ, ప్లాస్టిక్ పడవ అన్నీ ఆ నాగరికత ఇచ్చినవే కదా అంటాడు. నిజమే, ఆ ఎసిటాల్డిహైడ్‌లోంచి ప్లాస్టిక్‌ని మెత్తబరిచే సరుకే తయారయ్యేది. ఆయన చెక్కపడవ కట్టుకుని ఫ్యాక్టరీ గేటు ముందుకెళ్లి కూచున్నాడు. నినాదాల్లేవు, అడిగిందేమీ లేదు.

ఆయన ముందు నేను చేతులు జోడిస్తాను గాని, ఒక్కచోట ఒప్పుకోలేను. తండ్రిని పోగొట్టుకున్నవాడు ఆ మాటంటే అది తపస్సు. అదే మాట కంపెనీ వకీలు అంటే మోసం. అందరిదీ పాపమైతే బిల్లు ఎవరి పేర రాయాలి? యాజ్ఞవల్క్యుడు తేదీ అడగనిస్తాడు, తెలిసినవాణ్నీ తెలియనివాణ్నీ వేరు చేయనిస్తాడు. ఖర్చుల పద్దు రాసేటప్పుడు నేను ఆయన పక్షమే. ఒగాటా మాట పనికొచ్చే చోటు వేరే ఉంది, ఖర్చంతా పెట్టేశాక మిగిలే పని దగ్గర.

ఎందుకంటే 25 పీపీఎం అంకె చేసింది సరిగ్గా విజ్ఞానేశ్వరుడు చెప్పినదే. ఆ పాయ మళ్లీ వ్యవహారానికి తగినదైంది. వల వెయ్యొచ్చు, పట్టినది అమ్మొచ్చు, తినొచ్చు. పాదరసం నశించలేదు, అది మూలకం, నశించదు. గోడ వెనక కూచుంది. ఉక్కు ఉప్పునీళ్లలో ఎన్నాళ్లుంటుందో మా విశాఖ వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 2016 ఏప్రిల్‌లో మినమాతా ఉన్న కుమామోటో ప్రాంతంలో పెద్ద భూకంపాలొచ్చినప్పుడు టీవీలో అందరూ అక్కడి పాత కోటవైపు చూస్తుంటే నా మనసు ఆ గోడల మీదే ఉంది.

నా అభిప్రాయంలో మనం ప్రక్షాళనని ప్రాయశ్చిత్తం అనుకోవడంలోనే తిరకాసుంది. ప్రాయశ్చిత్తానికి ముగింపు ఉంటుంది, చివర భోజనాలుంటాయి, రిబ్బను కత్తిరింపు ఉంటుంది. మీమాంసకులు చెప్పిన ఇంకో రకం కర్మ ఉంది, సంధ్యావందనంలాంటి నిత్యకర్మ. చేస్తే ప్రత్యేకంగా వచ్చే ఫలం లేదు, మానేస్తే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం. కుమామోటో వాళ్లు ఆ గోడల్నీ నీళ్లనీ చేపల్నీ నేటికీ పరీక్షిస్తున్నారే, అది ఆ జాతి పని. నివేదికలో ఏటా రాయాల్సింది ఏమీ జరగలేదని మాత్రమే. ఏమీ జరగకపోవడానికి బడ్జెట్ అడగడం ఎంత కష్టమో సర్కారీ ల్యాబులో పనిచేసినవాళ్లకి తెలుసు. పైగా ఈ పని కంపెనీ మూతపడ్డాక, తెలిసి చేసినవాళ్లంతా పోయాక, ఏ పాపం ఎరగని మనవలు చెయ్యాలి. వాళ్లని ఒప్పించడానికి చట్టం చాలదు. అక్కడ నాకు ఒగాటా కావాలి.

ఈమధ్య ఒక ఉప్పుటేరు ప్రక్షాళన ముసాయిదా పంపి అభిప్రాయం అడిగారు. పూడికతీత, బురద పూడ్చే చోటు, పైన పార్కు, అన్నీ ఉన్నాయి. ముప్పయ్యో ఏట శాంపిల్ ఎవరు తీస్తారని ఫోన్ చేసి అడిగాను. "అప్పటికి ప్రాజెక్టు క్లోజ్ అయిపోతుంది కదండీ మేడమ్" అన్నాడు కుర్రాడు, మర్యాదగానే. నేను ఒక పేజీ చేర్చి పంపాను. ఒక కెమిస్టు, ఒక బోటు, ఒక సరంగు, ఏటా రెండుసార్లు గ్రాబ్ శాంపిళ్లు, చేపల శాంపిళ్లు, గోడ మందం కొలత. ఆ డబ్బు గొట్టాల యజమానుల దగ్గర ఇప్పుడే వసూలు చేసి బ్యాంకులో వెయ్యాలనీ, అసలు ముట్టుకోకుండా వడ్డీతో నడపాలనీ రాశాను. డీజిలు ఖర్చు కూడా వేశాను, అది ఎవరూ వెయ్యరు.